ఉప్పలమ్మకు నేర్పిన మాట

కూచోమన్నారు, కూచుంది ఎస్తేరమ్మ. వరండాలోని ఆ బెంచీ ఆమె చేయించిందే. మూగ, చెవిటి పిల్లల తరగతికి బెంచీ ఎంత ఎత్తుండాలో వడ్రంగి పోశాలుకు మోకాలి కింద చెయ్యి పెట్టి చూపించి, పాదాలు నేలకు ఆనాలి, గాలిలో ఊగితే పిల్లల మనసు కూడా ఊగుతుంది అని చెప్పి మరీ చేయించింది. ఇప్పుడు తన మోకాళ్లే తన గడ్డానికి తగులుతున్నాయి. నలభై దాటిన మనిషి, వరంగల్ సుబాలో జనగామ, మానుకోట, చిట్యాల బడుల్లో అలాంటి పిల్లల, గుడ్డిపిల్లల తరగతులన్నీ చూసుకునే పెద్ద పంతులమ్మ, పసిపిల్లల బెంచీ మీద ముడుచుకుని కూచుని లోపలి పిలుపు కోసం ఎదురుచూస్తోంది. బడి ఇప్పుడు బడి కాదు. నిజాం సర్కారు పోయిన తర్వాత మొదటి ఎండాకాలం వచ్చేసరికి, కమ్యూనిస్టు సంఘపోళ్లను ఏరిపారెయ్యడానికి దిగిన పటాలం దీన్ని క్యాంపు చేసుకుంది. పిల్లలు గడప దగ్గర చెప్పులు విడిచే చోట ఇప్పుడు బూట్లున్నాయి, వరసగా, పిల్లల చెప్పుల కంటే బుద్ధిగా.

లోపల ఉన్నది ఉప్పలమ్మ. ఎస్తేరమ్మ దగ్గర చదువుకున్న పిల్ల, పుట్టుచెవిటిది, ఇప్పుడు పదహారేళ్లుంటాయేమో. నిన్న బచ్చన్నపేట అవతల చెరువు కింది పొలాల్లో నెత్తిన సద్దిగంప పెట్టుకుని పోతుంటే పటాలం వాళ్లు ఆగమని అరిచారు. చెవిటిపిల్ల ఎందుకు ఆగుతుంది? పట్టుకొచ్చారు. గంపలో ఒక్క మనిషి తినలేనన్ని జొన్నరొట్టెలున్నాయి. ఎవరికి మోస్తున్నావు, దళం ఎక్కడుంది అని అడిగారు. అడిగితే ఆ మూగపిల్ల చేతులు వెనక్కి పెట్టుకుని, గడ్డం ఎత్తి, నోరు తెరిచి మాట్లాడింది. అదీ వచ్చిన చిక్కు. మాట్లాడకపోయి ఉంటే మూగదని వదిలేసేవాళ్లేమో. ఆ మాట నేర్పిన ఘనత ఎస్తేరమ్మది.

గేటు దగ్గర సబ్ ఇన్‌స్పెక్టరు మర్యాదగానే చెప్పాడు. బెజవాడ వైపు మనిషి, తెల్లగా ఉతికిన మాట. "మాటలొచ్చిన పిల్ల మూగదాన్నని నాటకమాడుతోందండీ. మేజరుగారు స్వయంగా విన్నారు. పైగా వినపడుతుంది కూడా, వెనక బూటు చప్పుడైతే చటుక్కున తిరుగుతోంది. మీరే నేర్పారంటగా, ఊరంతా చెబుతున్నారు. లోపలికొచ్చి వచ్చునో రాదో ఒక్క ముక్క చెప్పేసి వెళ్లండి" అన్నాడు. ఒక్క ముక్క. ఇంట్లో ఉప్పుందా లేదా అని అడిగినంత తేలిగ్గా అడిగాడు. వచ్చు అంటే ఆ పిల్లను రాత్రికి లారీ ఎక్కిస్తారు, లారీ ఎక్కినవాళ్లలో సగం మంది వరంగల్ జైలు చేరడం లేదని జనగామలో తెలియనివాళ్లు లేరు. రాదు అంటే, అప్పుడు ఆ రోజు నిజాం అధికారుల రూమీ టోపీల ముందు జరిగిందేమిటి, ఎస్తేరమ్మకు ఈ పెద్ద పంతులమ్మగిరీ ఎట్లా వచ్చింది, మానుకోటలో, చిట్యాలలో తరగతులు ఎట్లా తెరిచారు, అదంతా తీగ లాగినట్టు బయటికొస్తుంది. కొత్త సర్కారు వాళ్లు ఈ తరగతులు ఉంచాలా తీసెయ్యాలా అని తేల్చడానికి రేపో మాపో వస్తున్నారు. మూసేస్తే మానుకోటలో పేము కుర్చీలు అల్లడం నేర్చుకుంటున్న గుడ్డిపిల్ల పెంటమ్మ మళ్లీ టేసను మెట్ల మీదికి పోతుంది, చేతిలో చిప్పతో. ఒక్క పిల్ల కోసం అంతమంది పిల్లలా? ఈ లెక్క ఇంత తొందరగా తన మనసులో ఎట్లా తయారైందా అని ఎస్తేరమ్మకు తన మీదే అసహ్యం వేసింది. ఇల్లు కదిలినప్పటి నుంచి ఆమె వెతుకుతున్నది ఉప్పలమ్మను విడిపించే దారి కాదు. రెండూ చెప్పకుండా తప్పించుకునే దారి.

తలుపు సందులోంచి అద్దం కనబడుతోంది. గోడకున్న ఆ పొడుగాటి అద్దం కోసం సికింద్రాబాదు దాకా పోయింది ఆమె, ఒళ్లో పెట్టుకుని రైల్లో తెచ్చింది, పక్కనున్న ముసలమ్మ, పెండ్లికూతురుకా బిడ్డా అని అడిగితే నవ్వింది కూడా. పిల్లను పక్కన నిలబెట్టుకుని ఇద్దరూ అద్దంలోకి చూడాలి, నా పెదవులు చూడు, నీ పెదవులు చూడు, మూసి తెరువు, ప. పెదవుల ముందు సన్నటి కాగితప్పట్టీ పట్టుకుంటే ప అన్నప్పుడు ఎగరాలి, బ అన్నప్పుడు ఎగరకూడదు. పిల్ల చెయ్యి తన గొంతు మీద పెట్టుకుని మ అంటే లోపల తేనెటీగ తిరిగినట్టుంటుంది, ఆ అదురు పిల్ల తన గొంతులో తెచ్చుకోవాలి. మద్రాసులో రెండేళ్లు ఇదే నేర్చుకుని వచ్చింది, మిషన్ దొరసాని పంపితే. చెవిటివాళ్లను మాట్లాడించడం. సైగలు చెయ్యనివ్వకండి, చేతులకు అలవాటు పడితే నోరు పడుకుంటుంది అని అక్కడ చెప్పారు, ఈమె రాసుకుంది, నమ్మింది. నమ్మడం తప్పా? అందరూ అదే నమ్మారు. అందరూ నమ్మారు సరే, అందరూ కట్టారా? ఈ ప్రశ్న రాగానే మనసు పక్కకు తప్పుకుంది. అద్దం దగ్గరికే పోయింది మళ్లీ. ఇప్పుడు దాని ముందు ఒక సిపాయి చెంపకు సబ్బు నురగ రాసుకుని గడ్డం గీసుకుంటున్నాడు. పాపం వాడు కూడా పెదవులు అటూ ఇటూ తిప్పుతున్నాడు, ఎవరూ ఏ మాటా అనమని అడగకుండానే.

తేలికైన మాట ముందు నేర్పాలి. చెవిటిపిల్లకు అన్నిటికంటే తేలిక పెదవులతో పలికేవి. ఉప్పలమ్మ అప్పటికే వ దగ్గరికి వచ్చింది, కింది పెదవి పంటి కింద పెట్టుకుని గాలి వదులుతుంటే గొంతు కూడా కలుస్తోంది, ఇంకొన్నాళ్లు కూచుంటే అవ్వ అనేది. తల్లిని అవ్వ అని పిలిచేది. వాళ్లమ్మ కొమురమ్మ అంగడి రోజున గొర్రెనెయ్యి అమ్ముకోవడానికి జనగామ వచ్చి, బడి దగ్గరాగి, గోడ పక్కన నిలబడి చూసి పోయేది, ఎప్పుడన్నా అంటదా పంతులమ్మా అని అడిగేది. అంటది, ఓపిక పట్టు అని చెప్పేది ఎస్తేరమ్మ. అంతలో సదరు సాబ్ వస్తున్నాడని కబురు వచ్చింది. నిజాం చదువుల శాఖ తాలిమాత్‌లో పెద్దవాడు, ఆయన మెచ్చితే ఇట్లాంటి తరగతులు సుబా అంతటా తెరుస్తారు, మెచ్చకపోతే ఈ ఒక్కటీ ఎత్తేస్తారు. బడి పెద్ద పంతులు వీరేశం, పాపం మంచివాడు, పిల్ల చేత సలాం చేయిస్తే చాలదా అమ్మా అన్నాడు. అప్పుడు తనేమంది? గుర్తుంది. ప్రతి అక్షరం గుర్తుంది. "సలాం కోతి గూడ చేస్తది పంతులూ. నేను మాట అనిపిస్త." అవ్వను పక్కన పెట్టి, సర్కార్ సలామత్ రహే మొదలుపెట్టింది.

స, ర, క. చెవిటి నోటికి ఇంతకంటే కష్టమైనవి లేవు. పెదవుల మీద కనబడవు, నాలుక ఎక్కడో లోపల ముడుచుకోవాలి. చెంచా కాడతో నాలుక వెనక్కి నొక్కితే పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగేవి, వాంతి చేసుకున్న రోజులున్నాయి. పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టేవేళ అదే మాట. తెలుగు పిల్లకు తురకం మాట ఎందుకు అని ఎవరూ అడగలేదు, బడి చదువంతా ఉర్దూలోనే కదా, వినపడే పిల్లలకే వాళ్ల భాషలో చదువు లేదు, వినపడని దానికి ఏ భాషైతే ఏం అనుకుంది ఎస్తేరమ్మ, అనుకుని తన తెలివికి తనే మెచ్చుకుంది కూడా. పిల్లకు అర్థం చెప్పాలని ఒక్కనాడూ అనుకోలేదు. సర్కారు అంటే ఏమిటో ఆ పిల్లకు ఎట్లా చెప్పడం? మేకకు రెండు వేళ్లు కొమ్ముల్లా పెట్టి చూపిస్తుంది, వానకు వేళ్లు జారుస్తుంది, సర్కారుకు ఏం చూపించాలి? అయినా సైగలు చెయ్యకూడదన్నది తనే. కాబట్టి చిన్న ఉపాయం చేసింది. ఎవరన్నా టోపీ పెట్టుకుని ముందుకొచ్చి నిలబడగానే చేతులు వెనక్కి, గడ్డం పైకి, మాట బయటికి. వీరేశం పంతులు పాత టోపీ తెచ్చి నెత్తిన పెట్టుకుని తలుపు చాటునుంచి వస్తూ పోతూ ఉండేవాడు, పిల్ల అన్నప్పుడల్లా బెల్లం ముక్క. సరిగ్గా కోతిని ఆడించినట్టే. ఆ రోజు సదరు సాబ్ వచ్చాడు, నిలబడ్డాడు, మాట వచ్చింది, ముద్దగా, ఉర్దూ వచ్చినవాళ్లకు తప్ప ఎవరికీ పోల్చుకోరానంత ముద్దగా వచ్చింది, కానీ వచ్చింది. వాహ్ వాహ్ అన్నారు. కిటికీ బయట నిలబడ్డ కొమురమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నా బిడ్డ సర్కారు దొర ముంగట తుర్కం మాట్లాడింది అని బచ్చన్నపేట దాకా దారిపొడుగునా చెప్పుకుంటూ పోయిందట. ఏమన్నది అని అడగలేదు ఆమె. అప్పుడు అడగాలని తోచలేదు, సంతోషంలో.

ఎండ వరండాలోకి పాకింది. ఎస్తేరమ్మ కాళ్లు లోపలికి లాక్కుంది. గేటు అవతల పటాలం లారీ నీడలో కొమురమ్మ గొంతుక్కూచుని ఉంది. తెల్లవారుతూనే తలుపు కొట్టింది, రాత్రంతా నడిచొచ్చినట్టుంది, పాదాల నిండా దుమ్ము. "నువ్వైతె చెప్తవమ్మా, నీ మాట ఇంటరు" అంది. బతిమాలలేదు, ఏడవలేదు, తప్పకుండా చెబుతావు కదా అన్నట్టు నిలబడింది. వెయ్యి తిట్లు తిట్టినా తేలికగా ఉండేది ఎస్తేరమ్మకు. దారిలో ఇంకో సంగతి చెప్పింది. కొట్టారట, చూసినవాళ్లు చెప్పారట. దెబ్బ పడ్డప్పుడల్లా ఉప్పలమ్మ అదే మాట అన్నదట. పాపం పిల్లకు ఇంకేం తెలుసు? టోపీ పెట్టుకున్నవాడు కోపంగా ఉన్నాడంటే మాట సరిగా రాలేదని, మళ్లీ అనాలని కదా నేర్పింది. ఇంకా గట్టిగా అని ఉంటుంది. గొంతు చించుకుని అని ఉంటుంది. ఎస్తేరమ్మ బెంచీ అంచు పట్టుకుంది. బూటు చప్పుడు సంగతి కూడా ఇప్పుడు అర్థమైంది ఆమెకు. పిల్లను నిలబెట్టింది బల్లవేదిక మీద అయి ఉంటుంది, తరగతిలో ఉన్నది అదొక్కటే ఎత్తైన చోటు. అదీ ఈమె వేయించిందే. కింద బోలుగా ఉంచి పైన పలకలు కొట్టించింది, చెవిటిపిల్లలు ఉత్తకాళ్లతో నిలబడితే వెనక అడుగు పడ్డప్పుడు పలక అదిరి పాదానికి తెలియాలని. వెనక అడుగు వేస్తే తిరగాలి, అది మొదటి పాఠం. తిరిగింది. మంచి పిల్ల కాబట్టి తిరిగింది. నేర్పినవన్నీ నేర్చుకుంది, ఒక్కటీ మరిచిపోలేదు, అందుకే లోపల దెబ్బలు తింటోంది.

చేతులు వెనక్కి పెట్టుకుందట. ఆ సంగతి తలచుకోకూడదనుకున్నకొద్దీ మనసు అక్కడికే పోతోంది, నాలుక పుప్పిపన్ను దగ్గరికి పోయినట్టు. కట్టింది తాళ్లతో కాదు, తన చీర అంచుతో. పాత చీర, మెత్తబడ్డ జరీ లేని అంచు, పిల్లలకు ఒరుసుకోకుండా ఉండాలని దాన్నే చించింది, ఎంత దయగల టీచరో. సైగలు మానని పిల్లలకు తరగతి జరిగినంతసేపు మణికట్టుల దగ్గర మెత్తగా కట్టేది. ఉప్పలమ్మకు ఎక్కువసార్లు కట్టింది, ఆ పిల్ల చేతులు ఊరికే ఉండేవి కావు, ఇంట్లో తల్లీబిడ్డలు చేతులతోనే వంట మాట్లాడుకునేవాళ్లు, వాన మాట్లాడుకునేవాళ్లు. తండ్రి గట్టయ్యను చూపించాలంటే భుజం మీద గొంగడి వేసుకున్నట్టు చెయ్యి తిప్పేది. గొర్లు కాసే మనిషి, ఎండాకాలం కూడా గొంగడి విడవడు. వద్దు, అది వద్దు. మానుకోట పిల్లల గురించి ఆలోచించాలి. పేము తడిపి ఉంచారో లేదో, ఎండిపోతే విరుగుతుంది, పెంటమ్మ వేళ్లకు చీరుకుపోతుంది, నూనె రాయమని చెప్పాలి. వద్దనుకున్నది రానే వచ్చింది.

రజాకార్లు ఊళ్ల మీద పడుతున్న రోజులు. ఉప్పలమ్మ పండుగకు ఇంటికి పోయి, ఒక సాయంత్రం ఎవరో ఎరగని బండివాడి వెంట తిరిగొచ్చింది. బండివాడు పిల్లను ఎస్తేరమ్మ ఇంటి గుమ్మంలో దింపి, మాట చెప్పకుండానే ఎడ్లను తోలుకుపోయాడు, భయంతో. పిల్ల ఇంట్లోకి వస్తూనే చేతులు తిప్పడం మొదలుపెట్టింది. భుజం మీద గొంగడి, ఆ తర్వాత అరచెయ్యి చాపి బోర్లా తిప్పడం. గొంగడి, బోర్లా. గొంగడి, బోర్లా. ఆపదే. ఎస్తేరమ్మ కొంగు పట్టుకుని గుంజి, కళ్ల ముందు పెట్టి తిప్పింది. ఇంటికి పోయినప్పుడల్లా చేతులు చెడగొట్టుకొస్తావు అని విసుక్కుంది ఎస్తేరమ్మ. నోటితో చెప్పు అని తన పెదవులు చూపించింది. నోటితో చెప్పు. మళ్లీ చేతులే. మర్నాడు తరగతిలో కట్టింది, మెత్తగానే కట్టింది. కట్టిన చేతులతో కూడా ఆ పిల్ల అరచేతిని బోర్లా తిప్పడానికి మెలికలు తిరుగుతూనే ఉంది, అంచు ఒరుసుకుని చర్మం కందేదాకా. ఆ మర్నాడు కూడా కట్టింది. తర్వాత కొమురమ్మ వచ్చింది, నొసట బొట్టు లేకుండా. గట్టయ్యను గొర్ల దొడ్డి దగ్గరే కాల్చేశారు, పిల్ల కళ్లముందు. ఊరంతా పారిపోయేటప్పుడు పిల్లనన్నా బతికించుకుందామని బండెక్కించిందట. పిల్ల మణికట్టుల మీద ఎర్రటి చారలు చూసింది కొమురమ్మ, బొటనవేలితో ఒకసారి నిమిరింది, ఏమీ అడగలేదు. బిడ్డను తీసుకుని పోయింది, మళ్లీ బడికి పంపలేదు. పంపమని ఎస్తేరమ్మ కబురు పెట్టలేదు. ఏ ముఖం పెట్టుకుని? అప్పటి నుంచి ఎవరన్నా గొంగడి కప్పుకుని ఎదురైతే ఆమె రోడ్డు దాటి అటువైపు పోతుంది. దొరసానికి రాసిన ఉత్తరంలో మాత్రం, పిల్ల తండ్రి చనిపోవడంతో చదువు మానేసింది అని రాసింది. చనిపోవడంతో. అంతే రాసింది.

"రండమ్మా" అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టరు.

ఎస్తేరమ్మ గోడ పట్టుకుని లేచింది. లోపల మేజరు పంతులు కుర్చీలో ఉన్నాడు, టోపీ తీయలేదు. బల్లవేదిక మీద ఉప్పలమ్మ. ఎదిగింది, మనిషి ఎత్తయింది. కుడి చెంప వాచి కన్ను సగం మూసుకుపోయింది. ఎస్తేరమ్మను చూసి గుర్తుపట్టింది, పట్టగానే భుజాలు ఇంకా వెనక్కి లాక్కుని చేతులు నడుము వెనక బిగించుకుంది. టోపీ లేకపోయినా ఆ పిల్లను భయపెట్టిన మొదటి మనిషి తనే అని ఎస్తేరమ్మకు తెలిసింది. "చూశారా, తాడు లేకపోయినా చేతులెట్లా పెట్టుకుందో. ఎంత పొగరో" అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టరు.

"పొగరు గాదు సార్" అంది ఎస్తేరమ్మ. ఇంతసేపు వెతికిన తప్పించుకునే దారి ఏమైందో, ఆ ముఖం చూశాక ఒక్కటీ గుర్తు రాలేదు. "నేనే నేర్పిన. టోపీ కనబడితె చేతులు ఎన్కకు పెట్టి ఆ మాట అనాలని. ఈ పిల్లకు మాటలు రావు. ఆ ఒక్క మాట నేను నోట్లె పెట్టిన, పెద్ద సాబు ముంగట పేరు తెచ్చుకుందామని. దాని మతలబ్ దీనికి తెల్వది."

"మరి వినపడుతోందే? బూటు చప్పుడుకు తిరిగిందే?"

"బల్ల అదిరితె పాదానికి తెలుస్తది సార్. అదిగూడ నేను నేర్పిందే. కిందికి దింపి, బయట మట్టిల నిలబెట్టి ఎన్కనుంచి పిలువుండ్రి."

దింపారు. వరండా ముందు మట్టిలో నిలబెట్టారు. ఒకడు వెనక నిలబడి బూతులు తిట్టాడు, ఇంకొకడు బడిగంట కోసం వేలాడదీసిన రైలుపట్టా ముక్కను పిల్ల తల వెనకే పెట్టి ఇనుపకడ్డీతో బాదాడు. గేటు అవతల కొమురమ్మ ఉలిక్కిపడి లేచింది, లారీ కింద పడుకున్న కుక్క లేచి పరుగెత్తింది. ఉప్పలమ్మ తన పాదాల కేసి చూసుకుంటూ ఉండిపోయింది. మేజరు సబ్ ఇన్‌స్పెక్టరుతో హిందీలో ఏదో అన్నాడు.

"సరే, చెవిటిదే. అయితే మీరే అడగండి రొట్టెలెవరికి మోస్తోందో. మీకు వీళ్ల సైగలు తెలుసుగా" అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టరు.

"తెల్వదు సార్."

"అదేంటి? ఏళ్ల తరబడి మీ దగ్గరే ఉందంటగా?"

"ఉన్నది. చదువు చెప్పిన సార్. మాట్లాడలే."

సబ్ ఇన్‌స్పెక్టరు నవ్వబోయి ఆగాడు. "మూడు ఊళ్లలో సర్కారు జీతంతో మీరు చేస్తున్నది ఇదేనా?" అన్నాడు. గిదే అంది ఎస్తేరమ్మ. ఆ మాటతో జనగామ పోయింది, మానుకోట పోయింది, చిట్యాల పోయింది, ఆమెకు తెలుసు. పెంటమ్మ పేము తడిసినా ఎండినా ఇక ఎవరికీ అక్కర్లేదు. "పోనీ తల్లికి తెలుస్తుందా దీని సైగలు?" అని అడిగాడు అతను, గేటు వైపు చూస్తూ. ఎస్తేరమ్మ అతని కళ్లలోకి చూసి, "ఎవ్వరికీ తెల్వదు. తల్లి గూడ కర్రతోనే తోలుకుంటది" అని అబద్ధం చెప్పింది. కొమురమ్మను ఆ మాట అన్నందుకు నాలుక చేదయింది, అయినా చెప్పింది. మేజరు చేత్తో బయటికి చూపించాడు, ఈగను తోలినట్టు.

గేటు దాటాక ఉప్పలమ్మ తల్లి మీద వాలిపోయింది. కొమురమ్మ బిడ్డ ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొంగుతో పెదవి మీది రక్తం తుడిచి, ఎస్తేరమ్మ దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. నీ కడుపు సల్లగుండ అంది. ఆ చేతుల్లోంచి తన చేతులు లాక్కోవాలనిపించింది ఎస్తేరమ్మకు. లాక్కుంటే ఏమనుకుంటుందోనని అట్లాగే ఉంచింది. తరగతులు పోయినందుకు కాదు, ఈ మెప్పు తను తీసుకుంటున్నందుకు ఒళ్లంతా సిగ్గుతో మండింది. జనగామలో ఏ మూల నిలబడితే ఎవరికీ కనబడదా అని చూసింది.

"పంతులమ్మా, ఒక్కటడుగుత" అంది కొమురమ్మ. "ఇన్ని దెబ్బలకు గదే మాట అన్నది నా బిడ్డ. పుట్టి ఇన్నేండ్లల్ల నోటితోని అన్నది గదొక్కటే. గా మాటకు మతలబ్ ఏందమ్మా?"

అవ్వ అని చెప్పొచ్చు. అవ్వా అని పిలిచింది నిన్ను, అని ఒక్క అబద్ధం చెబితే ఈ తల్లి బచ్చన్నపేట దాకా దాన్ని ఒళ్లో పెట్టుకుని పోతుంది, బతికినన్నాళ్లు దాచుకుంటుంది. లోపల ఒక అబద్ధం చెప్పి వచ్చింది, ఇంకొకటి చెబితే ఏం పోతుంది? నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఈమెకు చెప్పాల్సిన అవ్వ ఎక్కడుందో తనకు తెలుసు, దాన్ని పక్కన పెట్టింది తనే, ఇప్పుడు దొంగ అవ్వను ఇవ్వడానికి నోరు రాలేదు.

"సర్కారు సల్లగుండాలె అని" అంది, నేల చూస్తూ.

కొమురమ్మ ముఖంలో కోపం కనబడలేదు. తెలియనిది తెలిసినవాళ్లను అడుగుతున్నట్టే అడిగింది.

"ఏ సర్కారమ్మా? గట్టయ్యను కాల్చిందా, గిప్పుడు దీన్ని కొట్టిందా?"

కొమురమ్మ బిడ్డ వైపు తిరిగి, ఆ మాట ఏమిటో చేతులతో చెప్పింది. తొందర లేకుండా, ఒక్కొక్కటే, పిల్లకు బాగా తెలిసేలా చెప్పింది. సర్కారుకు ఏ సైగ పెట్టిందో గాని ఉప్పలమ్మకు వెంటనే అర్థమైంది. తల ఎత్తి, మూసుకుపోని కన్నుతో ఎస్తేరమ్మను నిండుగా చూసింది. అప్పటిదాకా వెనకే ఉన్న చేతులు ముందుకు వచ్చాయి. ఆ చేతులతో ఏదో అంది, ఎస్తేరమ్మనే చూస్తూ, రెండంటే రెండు సైగలు. కొమురమ్మ, అనరాని మాట అన్నట్టు, గబుక్కున బిడ్డ వేళ్లు పట్టుకుని కిందికి దించింది.

"ఏమన్నది?" అని అడిగింది ఎస్తేరమ్మ.

కొమురమ్మ బిడ్డ భుజం మీద చెయ్యేసి నడవబోతోంది.

"కొమురమ్మా, ఏమన్నది నన్ను?"

కొమురమ్మ ఆగి, వెనక్కి తిరిగి, ఆమె ముఖం చూసి జాలిపడింది.

"ఎండల నిలబడకు పంతులమ్మా" అంది. "ఇంటికి పో."